న్యాయమైన త్రాసు, దూరపు చేతులు

చదువవలసిన వేదభాగములు: ద్వితీయోపదేశకాండము 25:13–16, ఆమోసు 8:4–7, లూకా 19:1–10, ప్రకటన 18:11–13.

ఆమోసు ప్రవచించిన కాలము కరవు కాలము కాదు. క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దములో రెండవ యరొబాము ఉత్తర రాజ్యమును ఏలుచుండెను. సరిహద్దులు విస్తరించెను, వర్తకము వర్ధిల్లెను. ధనవంతులకు చలికాలపు నగరు ఒకటి, వేసవికాలపు నగరు మరియొకటి ఉండెను. తెకోవనుండి వచ్చిన ఆ పసులకాపరి అట్టి దినములలో అంగడివీధిలో నిలిచి వర్తకులను గద్దించెను. ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. వారు విశ్రాంతి దినమును మీరినవారు కారు. ఆ దినమున కొట్టు మూసిరి, అమావాస్య పండుగను ఆచరించిరి. వారి శరీరములు ఆరాధనలో ఉండగా మనస్సులు ధాన్యపు కొట్టు తలుపు నొద్ద ఉండెను. ఎప్పుడు ప్రొద్దు గ్రుంకును, ఎప్పుడు అమ్మకము ఆరంభింతుము అని లోలోపల లెక్కించుకొనుచుండిరి.

వారి మోసములను ప్రవక్త వర్తకము తెలిసినవానివలె ఒక్కొక్కటిగా విప్పి చూపెను. ధాన్యము కొలుచు తూము చిన్నది. వెల పుచ్చుకొనునప్పుడు వెండిని తూచు రాయి పెద్దది. త్రాసే సరియైనది కాదు. పైగా తూర్పారపట్టగా మిగిలిన చచ్చు గింజలనుకూడ మంచి ధాన్యముతో కలిపి అమ్ముదురు. ఆ కాలమున నాణెములు లేవు. వెండి ముక్కలను రాళ్లతో తూచి వెల చెల్లించెడివారు. యూదయ దేశపు త్రవ్వకములలో అట్టి తూనికరాళ్లు అనేకములు దొరికినవి. గుండ్రని సున్నపురాళ్లపై గుర్తులు చెక్కియున్నవి. ఒక షెకెలు సుమారు 11 గ్రాములకు మించిన బరువు. అందులో ఒక గ్రాము హెచ్చుతగ్గులున్నను పట్నమునకు వచ్చిన రైతునకుగాని విధవరాలికిగాని తెలియు మార్గము లేదు. మన అనువాదకులు ఆ కొలపాత్రకు తూము అని మన పల్లెటూళ్ల పేరునే పెట్టిరి. కుంచముతోను మానికతోను కొలిచిన పెద్దలకు వేరే వ్యాఖ్యానము అక్కరలేదు. పాత్రను కుదించి నింపుటకును వదులుగా నింపుటకును నడుమ ఎన్ని గింజలు పోవునో వారెరుగుదురు.

ద్వితీయోపదేశకాండములోని ఆజ్ఞ ఇంకను లోతుగా పోవుచున్నది. రెండు విధములైన రాళ్లను వాడకూడదని మాత్రమే అది చెప్పలేదు; సంచిలోను ఇంటిలోను ఉంచుకొనకూడదని చెప్పినది. సంచిలో పడియున్న రాయి ఇంకను ఎవరిని మోసగించలేదు కదా అని వర్తకుడు అనవచ్చును. కాని కొనునప్పుడు బరువైన రాయి, అమ్మునప్పుడు తేలికైన రాయి చేతికి అందునట్లు దగ్గర ఉంచుకొనినవాడు సమయము వచ్చినప్పుడు ఏది తీయునో వేరుగా చెప్పనక్కరలేదు. పిమ్మట ఆ ఆజ్ఞకు ఒక వాగ్దానము చేర్చబడినది: సరియైన తూనిక గలవారు తమ దేశములో దీర్ఘకాలము నివసింతురు. వాగ్దానము నేటి సాయంకాలపు గల్లాపెట్టెనుగూర్చినది కాదు, తరములనుగూర్చినది.

మన దేశములో 1956వ సంవత్సరపు చట్టముతో మెట్రిక్ తూనికలు వచ్చెను. నేడు 2009వ సంవత్సరపు తూనికల కొలతల చట్టము అమలులో ఉన్నది. అధికారులు కాటాకు ముద్ర వేయుదురు. ముద్ర వేసిన కాటా వెనుక నిలుచు మనుష్యునికి ముద్ర వేయు శాఖ ఏదియు లేదు.

ఒకే మాట, ఒకే ధర

పదునేడవ శతాబ్దపు మధ్యకాలములో ఇంగ్లాండు దేశమున జార్జి ఫాక్స్ (1624–1691) బోధవలన మిత్రుల సమాజము ఏర్పడెను. లోకులు వారిని ఎగతాళిగా క్వేకర్లు, అనగా వణకువారు అని పిలిచిరి. అవును అనినచో అవును, కాదు అనినచో కాదు అను ప్రభువు బోధను వారు న్యాయస్థానములలో ప్రమాణము చేయుటకు మాత్రమే గాక అంగడిలో చెప్పు ధరకును వర్తింపజేసిరి. నాటి అంగళ్ల పద్ధతి నేటి మన సంతల పద్ధతియే. అమ్మువాడు పది అనును. అతని మనస్సులో ఆరు. కొనువాడు నాలుగు అనును. అతని మనస్సులోను ఆరే. ఇరువురును అబద్ధమాడుచున్నారని ఇరువురికిని తెలియును. అందరును చేయుచున్నారు గనుక దానిని అబద్ధమని ఎవరును అనరు. క్వేకరు వర్తకుడు ఆరు అని చెప్పి ఊరకుండెను.

మొదట నష్టము వచ్చెను. బేరమాడుటకు అలవాటుపడినవారు, ఈ మనుష్యుడు పెద్దలయెదుట టోపీ తీయడు, ధర తగ్గింపడు అని వేరొక కొట్టునకు పోయిరి. దశమభాగపు పన్ను చెల్లింపనందున సరకులు జప్తు చేయబడిన క్వేకర్లు కొందరు, చెరసాలలో పడినవారు మరికొందరు. కొంతకాలము గడచిన తరువాత ప్రజలు ఒక సంగతిని కనుగొనిరి: ఆ కొట్టునకు చిన్నపిల్లను పంపినను పెద్దవానికి ఇచ్చిన ధరకే, అదే తూనికతో సరకు వచ్చుచున్నది. అప్పటినుండి ఆ కొట్ల ముందు జనము చేరిరి, పొరుగు వర్తకులకు అసూయ కలిగెను. ఫాక్స్ తన దినచర్య గ్రంథములో ఈ సంగతిని వ్రాసియున్నాడు.

ఈ చరిత్రను చెప్పి, నిజాయితీగా ఉన్నయెడల లాభము దానంతట అదే వచ్చునని బోధించువారు కలరు. అది తొందరపాటు. ఆ మొదటి నెలలలో కొట్టు తెరచి గిరాకీలేక కూర్చున్నవానికి చివర ఏమి జరుగునో తెలియదు. లాభము వచ్చునని తెలిసి సత్యము పలుకుటకు విశ్వాసముతో పని లేదు. మంచి లెక్కలు వచ్చినవాడెవడైనను అట్లు చేయగలడు. ఆ వర్తకులు ధర తగ్గించుకొనలేదు, మాటయును తగ్గించుకొనలేదు. గిరాకీ తరువాత వచ్చినది. మరియు వారు ఒంటరిగా నిలువలేదు. వర్తకములో అప్పులపాలై చేతులెత్తిన సభ్యుని లెక్కలను వారి సంఘకూటము విచారించెడిది. ఇతరుల సొమ్ముతో సాహసము చేసి వారిని ముంచినట్లు తేలినచో అతనిని సంఘమునుండి తొలగించెడిది. కొట్టు యజమాని లెక్కల పుస్తకము సంఘమునకు సంబంధింపని సంగతియని వారు తలంచలేదు.

ఒక దర్జీవాని సంగతి

అమెరికాలోని న్యూజెర్సీలో మౌంట్ హోలీ అను ఊరిలో జాన్ ఊల్‌మన్ (1720–1772) అను యౌవనుడు ఒక కొట్టులో గుమాస్తాగా ఉండెను. యజమాని ఒక దినమున ఒక నీగ్రో దాసిని అమ్మి, విక్రయపత్రము వ్రాయుమని అతనికి ఆజ్ఞాపించెను. కొనువాడు మిత్రుల సమాజపు సభ్యుడు, వృద్ధుడు. ఊల్‌మన్ పత్రము వ్రాసెను. కాని మనస్సు నొచ్చి, ఈ పని క్రైస్తవ ధర్మమునకు సరిపడదని వారిద్దరి యెదుటను చెప్పెను. అంతటితో ఊరకుండక, ఆ దినమున చేయి జారిన విషయమును అతడు మరువలేదు. తరువాత బానిసల క్రయపత్రములుగాని, బానిసలను వారసులకు సంక్రమింపజేయు వీలునామాలుగాని వ్రాయుటకు నిరాకరించెను. వ్రాతకూలి పోయెను, కొందరు స్నేహితులు కినుక వహించిరి. అయితే నిరాకరించునప్పుడు అతడు వారితో కూర్చుండి మాటలాడెను. వారిలో కొందరు బానిసలను విడిచిపెట్టుటకు ఒప్పుకొనిరి.

ఆ పిమ్మట అతని స్వంత కొట్టు బాగుగా సాగెను. 1756 ప్రాంతమున వర్తకము పెరిగిపోవుటను చూచి అతడు భయపడెను. సరకు కొను బీదలు అప్పులలో దిగుచున్నారు, తన కాలమంతయు లెక్కలకే చెల్లుచున్నది. తన గిరాకీదారులకు వేరే కొట్లను చూపి, క్రమముగా వర్తకము తగ్గించుకొని, దర్జీపనితోను పండ్లతోటతోను జీవించెను. లోకము దృష్టిలో ఇది వెఱ్ఱి. అందరును దర్జీలు కానక్కరలేదు. అయినను పెరుగుచున్న వ్యాపారమును చూచి, ఇది ఎవరిని నొక్కుచున్నదని ప్రశ్నించుకొనిన వర్తకుడు అరుదు గనుక అతని పేరు ఇక్కడ చెప్పవలసి వచ్చినది.

కల్తీలేని కోకో

1824లో జాన్ క్యాడ్బరీ అను క్వేకరు బర్మింగ్‌హామ్ పట్టణమున బుల్ వీధిలో తేయాకు, కాఫీ, కోకో అమ్ము కొట్టు తెరచెను. క్వేకర్లకు నాటి విశ్వవిద్యాలయములలో ప్రవేశము లేదు, సైన్యములో చేరుటకు మనస్సాక్షి ఒప్పదు. కనుక తెలివిగల యౌవనులనేకులు వర్తకములోనికి వచ్చిరి. 1861లో వ్యాపారము క్షీణించియున్న సమయమున కుమారులు రిచర్డ్, జార్జి దానిని చేతబట్టిరి. తల్లివలన సంక్రమించిన సొమ్ము ఒక్కొక్కరు నాలుగువేల పౌన్లు అందులో పెట్టిరి. కొన్ని సంవత్సరములు నష్టమే వచ్చెను.

నాటి కోకోలో బంగాళాదుంప పిండి, సగ్గుబియ్యపు పిండి కలుపుట సాధారణము. కోకో గింజలోని అధికమైన క్రొవ్వును పీల్చుకొనుటకు అట్లు చేయుదుమని వర్తకులు చెప్పెడివారు. కొందరు అక్రమవర్తకులు రంగు కొరకు ఇటుకపొడి సయితము కలిపిరి. క్యాడ్బరీ సోదరులును మొదట పిండి కలిపిన కోకోనే అమ్మిరి. 1866లో హాలండునుండి తెచ్చిన యంత్రముతో క్రొవ్వును పిండివేసి, ఏమియు కలుపని కోకోను తయారుచేసిరి. దాని వెల ఎక్కువ. అయినను ఆహారపు కల్తీనిగూర్చి దేశములో అలజడి రేగి, 1872లోను 1875లోను చట్టములు వచ్చిన కాలమది. కల్తీలేని సరకునకు మంచి పేరు వచ్చెను.

1879లో వారు పట్టణపు ఇరుకు సందులను విడిచి బోర్న్‌విల్ అను స్థలమున పచ్చిక బయళ్ల నడుమ కర్మాగారము కట్టిరి. జార్జి క్యాడ్బరీ ప్రతి ఆదివారపు ఉదయమున శ్రామికుల వయోజన పాఠశాలలో బోధించెడివాడు. తన విద్యార్థులను చూచుటకు వారి ఇండ్లకు పోయి, వెలుతురు గాలి లేని ఆ గదులను కన్నులార చూచెను. తోటగల ఇండ్ల ఆలోచన ఏ లెక్కల గదిలోను పుట్టలేదు. 1900లో 313 ఇండ్లను, సుమారు 330 ఎకరముల భూమిని ధర్మకర్తల మండలికి అప్పగించి తన కుటుంబపు హక్కును వదులుకొనెను. అందులోని ఇండ్లు తన పనివారికి మాత్రమేయని నియమము పెట్టలేదు.

ఇంతవరకు చదివినవారు ఇదియొక మంచి మాదిరియని పుస్తకము మూయవచ్చును. ప్రసంగములలో సాధారణముగా ఇక్కడనే ఆపుదురు. కాని అసలు పాఠము ఇక్కడనుండి ఆరంభమగుచున్నది.

ఆస్తుల పట్టికలో మనుష్యులు

కోకో గింజ ఇంగ్లాండులో పండదు. ఆ సంస్థ కొను గింజలలో పెద్ద భాగము ఆఫ్రికా పడమటి తీరపు సముద్రములోని సావ్ తోమే, ప్రిన్సిపే అను పోర్చుగీసు దీవులనుండి వచ్చుచుండెను. 1901లో రిచర్డ్ కుమారుడైన విలియం క్యాడ్బరీ ట్రినిడాడ్ దీవికి వెళ్లినప్పుడు, సావ్ తోమే తోటలలో పనిచేయువారు బానిసలేయని వినెను. ఆ సంవత్సరమే సావ్ తోమేలోని ఒక తోట అమ్మకమునకు ఉన్నదని సంస్థకు పత్రము వచ్చెను. అందులోని ఆస్తుల పట్టికలో ఇన్నూరుమంది నల్ల కూలీలు, విలువ 3,555 పౌన్లు అని యుండెను.

ప్రకటన గ్రంథము 18వ అధ్యాయములో మహాపట్టణపు వర్తకుల సరకుల పట్టిక యొకటి కలదు. బంగారు వెండితో మొదలై, పట్టుబట్టలు, దంతపు వస్తువులు, దాల్చినచెక్క, ద్రాక్షారసము, నూనె, గోధుమలు, పశువులు, రథములు అని సాగి, చివర మనుష్యుల శరీరములతోను ప్రాణములతోను ముగియును. పట్మసు ద్వీపవాసి వ్రాసిన ఆ పట్టికకును బర్మింగ్‌హామునకు వచ్చిన ఈ పట్టికకును పెద్ద భేదము లేదు.

పోర్చుగీసు చట్టము ప్రకారము బానిసత్వము అప్పటికే రద్దయియుండెను. అంగోలా లోపలి భాగములనుండి తేబడినవారు అయిదేండ్ల ఒడంబడికపై వచ్చిన కూలీలని అధికారులనిరి. ఒడంబడిక ముగిసినవారు తిరిగి ఇంటికి చేరుట మాత్రము ఎవరును చూడలేదు. హెన్రీ నెవిన్‌సన్ అను పత్రికా రచయిత 1904, 1905 సంవత్సరములలో అంగోలా మార్గములలో నడచి, దారిప్రక్కన పడియున్న కొయ్య సంకెళ్లను చూచి వ్రాసెను. అతని గ్రంథము 1906లో వెలువడెను.

ఈలోగా విలియం క్యాడ్బరీ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1903లో లిస్బను నగరమునకు వెళ్లెను. క్రొత్త కూలీచట్టము వచ్చినది, కొంతకాలము ఓర్చుడని అక్కడివారనిరి. బ్రిటిషు రాయబారియు ఒక సంవత్సరము ఆగుమనెను. తోటల యజమానులు, మీ మనిషిని పంపి చూచుకొనుడనిరి. క్యాడ్బరీ, ఫ్రై, రౌన్‌ట్రీ అను మూడు క్వేకరు సంస్థలును, కొలోన్ నగరపు స్టాల్‌వెర్క్ సంస్థయు కలిసి జోసెఫ్ బర్ట్ అను వానిని నియమించిరి. అతడు పోర్చుగీసు భాష నేర్చుకొని, 1905లో బయలుదేరి, దీవులను అంగోలాను చూచి, 1907లో తిరిగివచ్చెను. వినినదంతయు నిజమేయని అతడు నివేదించెను. ప్రభుత్వ విదేశాంగ శాఖ తాము పోర్చుగలుతో మాటలాడుచున్నాము, ఇంకను ఆగుడని కోరెను. వారు ఆగిరి. గింజలు కొనుచునే యుండిరి. చివరకు విలియం తానే అంగోలాకు ప్రయాణముచేసి వచ్చిన పిమ్మట, 1909 మార్చి నెలలో సావ్ తోమే కోకోను కొనుట మానివేసిరి. మొదటి మాట చెవిని పడిన నాటినుండి ఇది ఎనిమిదవ సంవత్సరము.

అంతకు ముందే, 1908 సెప్టెంబరు 26న, లండను నగరపు స్టాండర్డ్ పత్రిక ఒక సంపాదకీయము ప్రకటించెను. తమ పనివారికి ఉద్యానవనములు కట్టించు ఈ భక్తులు, దక్షిణాఫ్రికా గనులలోని చీనా కూలీల కష్టములనుగూర్చి తమ డైలీ న్యూస్ పత్రికలో కన్నీరు కార్చువారు, బానిసల చేతులు ఏరిన గింజలతో ధనవంతులగుచున్నారని ఎత్తిపొడిచెను. స్టాండర్డ్ పత్రిక ప్రతిపక్ష రాజకీయములకు చెందినది. దానిని నడిపినది బానిసలపై ప్రేమకంటె ఎక్కువగా కక్షయే. అయితే విరోధి నోట వచ్చినంతమాత్రమున సత్యము అసత్యము కానేరదు. క్యాడ్బరీ సంస్థ పరువునష్టపు దావా వేసెను.

1909 నవంబరు చివర బర్మింగ్‌హామ్ న్యాయస్థానమున విచారణ మొదలయ్యెను. సంస్థ పక్షమున వాదించినవారు రూఫస్ ఐజాక్స్. ఈయనయే తరువాత రీడింగ్ ప్రభువను పేర 1921నుండి 1926వరకు మన దేశమునకు వైస్రాయిగా ఉండెను. పత్రిక పక్షమున ఎడ్వర్డ్ కార్సన్. విలియం క్యాడ్బరీని సాక్షిబోనులో నిలిపి కార్సన్ గంటలకొలది ప్రశ్నించెను. ఆఖరున, 1901నుండి 1908వరకు మీ కోకో తయారగుటలో ఎందరు బానిసలు ప్రాణములు కోల్పోయిరో ఎప్పుడైనను అంచనా వేసితిరా అని అడిగెను. లేదని సాక్షి చెప్పెను.

డిసెంబరు 6న జూరీవారు తీర్పు చెప్పిరి. పత్రిక వ్రాసినది పరువునష్టమే. కనుక గెలుపు క్యాడ్బరీలది. నష్టపరిహారము ఒక ఫార్తింగు. అనగా ఒక పెన్నీలో నాలుగవ వంతు, మన పూర్వపు దమ్మిడీవంటి కాసు.

ఈ తీర్పును ఎట్లు చదువవలెను? సంస్థ చెప్పిన కారణములు అబద్ధములు కావు. కొనుట మానినయెడల తోటల యజమానులు వేరే దేశములవారికి అమ్ముదురు, అప్పుడు మా మాట వినువారుండరు అనిరి, అది నిజమే. ప్రభుత్వము ఆగుమనెననిరి, అదియు నిజమే. వేరొక చోట గింజలు దొరకనిదే బోర్న్‌విల్‌లో వేలకొలది కుటుంబములు వీధిన పడుననిరి. ఇందులోను కొంత సత్యము కలదు. కాని ఈ మూడు కారణములును కొనుచు ఉండుటవైపే మ్రొగ్గినవి. ఎనిమిదేండ్లలో ఒక్కటియు ఎదుటి తట్టలోనికి చేరలేదు. త్రాసు తట్ట ఎల్లప్పుడును ఒకే ప్రక్కకు ఒరిగినచో రాయిని పరీక్షింపవలెనని ఆమోసు కాలపు రైతు సయితము ఎరుగును. ఊల్‌మన్ కలము క్రింద పెట్టిన దినముననే అతని ప్రమేయము ముగిసెను. పెద్ద సంస్థకు అది అంత సులభము కాదనుట న్యాయమే. అయినను మరుసటి యేటనే సగము కొనుగోలు మానుటకు ఏ మంత్రియు అడ్డు చెప్పియుండడు.

క్యాడ్బరీలు వేషధారులనుటకంటె లోతైన సంగతి ఒకటి ఇక్కడ ఉన్నది. జార్జి క్యాడ్బరీ బర్మింగ్‌హామ్ శ్రామికుని ఇంటి గడప తొక్కెను గనుక అతని కొరకు ఇల్లు కట్టించెను. అంగోలా కూలీ గడపను ఆ కుటుంబమువారెవరును 1908 వరకు తొక్కలేదు. విలియం తానే పోయి చూచివచ్చిన కొద్ది వారములలోనే కొనుగోలు ఆగిపోయెను. నివేదికలు ఏండ్ల తరబడి చేయలేని పనిని ఒక ప్రయాణము చేసెను. దగ్గరివారితో గల మంచి సంబంధము దూరపువారిని మరుగుచేయగలదు. బోర్న్‌విల్ తోటలు ఎంత పచ్చగా ఉండెనో, సావ్ తోమే అంత కనబడకుండ పోయెను.

బహిష్కరణకు ముందునుండియే ఆ సంస్థ గోల్డ్‌కోస్టు, అనగా నేటి ఘానా దేశపు గింజలవైపు చూడసాగెను. అక్కడ 1879లో టెట్టే క్వార్షీ అను కమ్మరి ఫెర్నాండో పో దీవినుండి కోకో గింజలను తెచ్చి నాటెను. తోటలు ఆఫ్రికను రైతులవే. కొలది ఎకరముల స్వంత భూమి. 1911 నాటికి ఆ దేశము లోకములో అన్నిటికంటె ఎక్కువ కోకో పండించునదాయెను. బానిసలు లేనిదే చవుకగా కోకో రాదని చెప్పినవారికి ఆ చిన్న రైతులే జవాబు చెప్పిరి.

జక్కయ్య లెక్కల పుస్తకము

లూకా సువార్తలోని జక్కయ్య తన ఆస్తిలో సగము బీదలకిచ్చి, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి చెల్లింతునని చెప్పెను. తానై ఒప్పుకొనినవాడు అసలునకు అయిదవ వంతు కలిపి ఇచ్చిన చాలునని లేవీయకాండము 6వ అధ్యాయము చెప్పుచున్నది. నాలుగంతలు అనునది గొఱ్ఱెను దొంగిలించి అమ్మిన దొంగకు నిర్గమకాండములో విధించిన శిక్ష. జక్కయ్య దొంగల లెక్కనే తనకు వేసికొనెను. సగము దానము చేయుట సులభమే, పేరు వచ్చును. నాలుగంతలు తిరిగి ఇచ్చుటకు మాత్రము ఎవరియొద్ద ఎంత తీసికొనెనో పేరుపేరున వెదకి, వారి గుమ్మములకు పోవలెను.

తెలుగు దేశపు వర్తకములోనికి వచ్చి చూచినచో గుమ్మములు దూరముగా లేవు. పత్తి రైతునకు నకిలీ విత్తనములు అమ్మిన దుకాణదారునికి ఆ సాయంకాలమే లాభము; మొలక రాని పొలములో రైతునకు ఏడాది పోవును, అప్పు మిగులును. ధాన్యము తూచునప్పుడు తాలు అని, తేమ అని, తరుగు పేర క్వింటాలుకు కొన్ని కిలోలు కోయు మిల్లర్లు కలరు. సరియైన తరుగు వేరు, అలవాటుగా కోయు తరుగు వేరు. కారములో రంపపుపొట్టు, రంగు కలుపువారు కలరు. 1998లో ఢిల్లీ నగరమున ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసినందున ప్రజలు ఒడలు వాచి, అనేకులు మరణించిరి. ఆ కల్తీ చేసినవారు చనిపోయినవారి ముఖములు చూచియుండరు.

ఇందుకు భిన్నముగా పల్లెటూరి చిల్లరకొట్లలో మరియొక రీతి ఉండెడిది, కొన్ని చోట్ల నేటికిని కలదు. వానలు లేని యేట శావుకారు పద్దు వ్రాసికొని ఉప్పు పప్పు ఇచ్చును. తూచిన తరువాత కొసరు వేయును. కొసరు లాభనష్టముల లెక్కకు అందదు. అయితే అదే పద్దులో వడ్డీ పేర ఇంటి పుస్తెలు కరగించినవారును ఉండిరి గనుక ఆ కాలమును పూర్తిగా పొగడుట న్యాయము కాదు.

క్యాడ్బరీ సంస్థ నేడు ఆ కుటుంబపు చేతులలో లేదు. 2010 ఫిబ్రవరిలో అమెరికాలోని క్రాఫ్ట్ సంస్థ దానిని కొనెను. బ్రిస్టలు సమీపమునగల సోమర్‌డేల్ కర్మాగారము మూయబడునని పాత యాజమాన్యము మునుపే నిర్ణయించియుండగా, దానిని నడపుదుమని క్రాఫ్ట్ వారు కొనుగోలు సమయమున ఆశ చూపిరి. కొనుగోలు ముగిసిన వారము లోపలనే, అది సాధ్యము కాదు, మూసివేయుదుమని ప్రకటించిరి. సుమారు నాలుగువందలమంది పనివారు పని పోగొట్టుకొనిరి. ఆ యేటి మే నెలలో బ్రిటను దేశపు సంస్థల కొనుగోళ్ల విచారణ మండలి ఆ మాట తప్పుటను బహిరంగముగా మందలించెను. జరిమానా ఏదియు లేదు.

తరగతిలో చర్చించుటకు: 1903లో విలియం క్యాడ్బరీ స్థానమున ఉన్నవారు లిస్బనునుండి తిరిగివచ్చి సంస్థ సమావేశములో ఏమి చెప్పవలసియుండెను? పనివారి జీవనోపాధిని గూర్చిన భయము ఎంతవరకు న్యాయమైన కారణము, ఎక్కడ సాకు అగును? తరగతిలో వర్తకులున్నచో తాము అమ్ము సరకులలో ఒకదానిని తీసికొని, అది ఎవరి చేతులలో పండి లేక తయారై తమ కొట్టునకు వచ్చినదో తెలిసినంతవరకు చెప్పుదురు గాక. సంఘ సభ్యుడొకడు వర్తకములో దివాలా తీసినప్పుడు అతని లెక్కలు చూచుటకు మన సంఘములు ముందుకు వచ్చునా? వచ్చినచో అతడు చూపునా?